లాంచీలో ఆరేళ్లు, ముంతజాలో ఒక గది

మొన్న శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా అల్లుడు ఫోను పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మేమందరం కలిసి ఉంటున్న ఫ్లాటు అద్దె ఒప్పందం ఈ నెలాఖరుతో తీరిపోతోంది, యజమాని పెంచిన అద్దె చెప్పి వెళ్లాడు, ఆ మాట విన్న దగ్గర నుంచి అమ్మాయీ అల్లుడూ దోహాలోని పేటలన్నీ ఫోనులోనే తిరిగేస్తున్నారు. అలా తిరుగుతూ అతను ఎక్కడో, అపార్టుమెంటు అద్దె కట్టేకన్నా పడవ కొనుక్కుని అందులో కాపురం ఉండటం చవక అని ఎవరో లెక్కగట్టి రాసింది చూశాడట. రేవులో పడవ కట్టుకోవడానికి ఇంత, బీమాకు ఇంత, ఏడాదికోసారి అడుగు గీకించి రంగు వేయించడానికి ఇంత, అన్నీ కలిపినా ఫ్లాటు అద్దెలో సగం కాదని చూపించి, "మీరు రేవులో పనిచేశారు కదా మావయ్యా, ఇది నిజమేనంటారా?" అని అడిగాడు.

అతను కాకినాడ వైపు పిల్లవాడు, నెమ్మదస్తుడు. నేను లాంచీల ఇంజన్లు బాగుచేసేవాడినని అతనికి తెలుసు గాని, లాంచీలో బతికానని తెలియదు. మా అమ్మాయికి కూడా అదంతా లీలగా తప్ప గుర్తు లేదు. లోపలి గదిలో బట్టలు మడతపెడుతున్న మా ఆవిడ చేతులు ఆ ప్రశ్నకు కాసేపు ఆగిపోవడం మాత్రం నాకు తలుపు సందులోంచి కనబడింది. చూద్దాంలే బాబూ అని లేచి బాల్కనీలోకి వెళ్లాను, అక్కడ నిలబడలేక వంటింట్లోకి వెళ్లాను, దాహం లేకపోయినా మంచినీళ్లు తాగి మళ్లీ బాల్కనీలోకి వచ్చాను. ఒకచోట కుదురుగా ఉండలేని ఈ జబ్బు నాకు కొత్తది కాదు. అది ఎక్కడ పట్టుకుందో చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి.

మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. చిన్నప్పుడు నేను చూసిన పెద్ద నీళ్లంటే వానాకాలపు గోదావరే. బావుల మీద ఆయిల్ ఇంజన్లు బాగుచేయడం మా మేనమామ దగ్గర నేర్చుకున్నాను, ఆ పని చూసి ఒక ఏజెంటు నన్ను ఖతర్‌లో వక్రా రేవు పక్కనున్న ఒక వర్క్‌షాపుకు పంపించాడు. మా ఊళ్లో వాళ్లందరూ నేను దుబాయ్ పోయిననే అనుకున్నారు, నేనూ దిద్దలేదు. పెళ్లయిన రెండో ఏడు అది. చేపలు పట్టే చెక్క లాంచీల ఇంజన్లు ఆ వర్క్‌షాపుకు వచ్చేవి, వాటి లోపలి సంగతి మా ఊరి బావి ఇంజన్లకన్నా పెద్ద తేడా ఉండేది కాదు. తేడా అల్లా చుట్టూ ఉన్న నీళ్లదే. నాకు ఈత రాదు, ఆ మాట ఎవరికీ చెప్పుకోలేదు.

కంపెనీ మాకు రెండు దారులు పెట్టింది. క్యాంపులో ఉంటే మంచం ఉచితం, బయట ఉంటామంటే నెలనెలా ఇంటి అద్దె పేరుతో జీతానికి కొంత కలిపి ఇస్తారు. మొదట నాలుగు నెలలు క్యాంపులో ఎనిమిది మంది ఉండే గదిలో పడుకున్నాను. ఆ రోజుల్లోనే ఒక ముసలి అర్బాబు, అంటే ఇక్కడి భాషలో యజమాని, తన లాంచీ ఇంజన్ చూడమని నన్ను పిలిపించాడు. ఆ లాంచీలో ఆయనా ఆయన అన్నా వయసులో ఉండగా కలిసి వేటకు వెళ్లేవారట, అన్న పోయాక దాన్ని సముద్రం మీదికి పంపలేదు, అమ్మబుద్ధీ కాలేదు. రేవు చివర తాళ్లతో కట్టి ఉంచాడు. చెక్క పడవ ఎంత మంచిదైనా పలకల సందుల్లోంచి రోజూ కొంత నీరు ఊరుతుంది, ఆ నీటిని పంపు పెట్టి తోడేవాడొకడు కావాలి. నువ్వు ఇందులో పడుకో, పొద్దున్నే నీళ్లు తోడు, నీ దగ్గర నేనేమీ తీసుకోను, నీకేమీ ఇవ్వను అన్నాడాయన సగం అరబ్బీ సగం హిందీలో. అద్దె డబ్బు మొత్తం మిగులుతుంది కదా అన్న ఆశతో ఆ సాయంత్రమే నా ట్రంకుపెట్టె మోసుకుని లాంచీ ఎక్కాను.

మొదటి వారం రోజులూ కడుపులో తిప్పి అన్నం లోపల నిలిచేది కాదు. పక్క లాంచీలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన సరంగు ఉండేవాడు, సరంగు అంటే లాంచీ నడిపే పెద్ద, నాకన్నా ఇరవయ్యేళ్లు పెద్దవాడు కనుక మామా అని పిలిచేవాడిని. ఆయనే నాకు ఊగే నేల మీద ఎలా నిలబడాలో, గాలికి స్టవ్వు ఆరకుండా ఎక్కడ పెట్టుకోవాలో, ఎండాకాలం పైచెక్క మీద తడి గోనె పరిచి ఎలా పడుకోవాలో నేర్పాడు. తాగే నీళ్లు డబ్బాల్లో మోసుకునేవాణ్ణి, స్నానం రేవు కుళాయి దగ్గర, మిగతా అవసరాలకు లాంచీ వెనక నీళ్ల మీదికి వేలాడగట్టిన చెక్క గూడు. ఆగస్టులో గాలిలో తేమకు కట్టుకున్న లుంగీ పిండితే నీళ్లు కారేవి. జనవరిలో ఒంటిమీద ఉన్నవన్నీ కప్పుకున్నా దవడలు కొట్టుకునేవి. అయినా అలవాటు మనిషిని దేనికైనా ఒప్పిస్తుంది. ఏడాది తిరిగేసరికి సెలవు మీద ఊరికి వెళ్తే నేల కదలడం లేదని నాకు నిద్ర పట్టలేదు.

ఇంటికి మాత్రం అబద్ధం చెప్పాను. కంపెనీ వాళ్లు రూమిచ్చారని, అందులో ఏసీ ఉందని చెప్పాను. దోహాలోని ముంతజా పేటలో ఉండే ఒక దోస్తు ఫ్లాటులో సోఫా మీద కూర్చుని ఫోటో దిగి పంపించాను కూడా. పడవలో ఉంటున్నానంటే మా అమ్మ అన్నం మానేస్తుందని భయం, అంతకన్నా ఎక్కువగా, అంత దూరం పోయి ఇల్లు కూడా లేకుండా ఉన్నాడంటారని సిగ్గు. మిగిలిన డబ్బుతో ఊళ్లో ఇల్లు మొదలుపెట్టాను. గోడలు లేచాయి, లింటెల్ పడింది, స్లాబు మాత్రం అప్పటికి పడలేదు.

ఆరో ఏడు మా ఆవిడ ఫోనులో ఒక మాటంది. మా పాప అప్పటికి నాలుగేళ్లు నిండని పిల్ల, నన్ను ఒకే ఒక్క సెలవులో చూసింది. ఇంట్లో ఫోను మోగితే చాలు, బాపు ఫోనులో ఉంటాడని పరిగెత్తుకొచ్చేదట. పక్కింటి పిల్లల నాయనలు నడిచి వస్తుంటే, మీ బాపు ఫోనులోంచి బయటికెట్ల వచ్చిండని అడిగిందట. ఆ మాట చెప్పి మా ఆవిడ నవ్వింది. నేను నవ్వలేకపోయాను. జీతం అప్పుడే కొంచెం పెరిగింది, విజిట్ వీసాకు సరిపోతుంది, వాళ్లిద్దరినీ మూడు నెలలకు పిలిపిద్దామని నిశ్చయించుకున్నాను.

అలా ముంతజాలో గది తీసుకోవలసి వచ్చింది. రెండు పడకగదుల ఫ్లాటు, ఒక గదిలో నిజామాబాద్ నుంచి వచ్చిన ఒక ముస్లిం కుటుంబం, రెండో గది మాది, వంటిల్లూ బాత్రూమూ ఉమ్మడి. ఆ ఇంటావిడను ఆపా, అంటే ఉర్దూలో అక్క, అనేవాళ్లం. తెలుగూ ఉర్దూ కలిపి దడదడా మాట్లాడేది, మా ఆవిడ దిగిన రోజునే టమాటా చారు కాచి గిన్నెతో తెచ్చిచ్చింది. ఆరేళ్లుగా మిగిల్చిన అద్దె డబ్బు ఇప్పుడు ఒక గదికే పోతుంటే నాకు లోపల్లోపల కోసేసినట్టుండేది. ఇటుక గోడల మధ్య, కదలని మంచం మీద పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. తెల్లవారక ముందే లేచి మొదటి బస్సు పట్టుకుని వక్రా పోయి, లాంచీలో నీళ్లు తోడి, అక్కడి నుంచే డ్యూటీకి వెళ్లేవాణ్ణి. మాట ఇచ్చినప్పుడు తోడాలి కదా అనుకునేవాణ్ణి గాని, నిజానికి ఆ అరగంట ఊగే చెక్క మీద నిలబడితేనే నా ప్రాణానికి నెమ్మదిగా ఉండేది.

మా ఆవిడ రెండు వారాలు ఊరుకుంది. ఒక శుక్రవారం, డ్యూటీ లేని రోజున కూడా నేను చొక్కా తొడుక్కుంటుంటే తలుపుకు అడ్డంగా నిలబడింది.

"పొద్దుగాల లేవంగనే యాడికి పోతున్నవ్? నీ బట్టలు చేపల కంపు కొడుతున్నయ్. నాకు నిజం చెప్పు" అంది.

ఆమె మొహం చూస్తే ఇంకేదో అనుమానపడుతోందని అర్థమైంది. చెప్పేశాను. ఫోటోలోని సోఫా ఎవరిదో కూడా చెప్పాను. ఆమె పాపకు చెప్పులు తొడిగి, నన్ను కూడా తీసుకుపో అంది.

రేవు గట్టు నుంచి లాంచీకి వేసిన పలక మీద నుంచి, చెయ్యి ఇస్తానన్నా తీసుకోకుండా, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నడిచి వచ్చింది. నేను పడుకునే చోటు చూసింది. నిటారుగా కూర్చుంటే తల తగిలే ఎత్తు అది, తగిలి తగిలి పైచెక్క అక్కడ నల్లగా నునుపెక్కింది. ఆ నలుపు మీద వేలు పెట్టి చూసుకుంది.

"ఆరేండ్లు ఈడనే పన్నవా?"

"పైసలు మిగులుతయని."

ఆమె కొంగు నడుముకు చుట్టి, చీపురు వెతికి, లాంచీ అంతా ఊడ్చింది, నా గిన్నెలు ఉప్పునీళ్లతో ఒకసారి మంచినీళ్లతో ఒకసారి తోమింది. పాప సరంగు మామ భుజమెక్కి కూర్చుని గువ్వలను లెక్కబెట్టింది. ఆ రోజు నుంచి ప్రతి శుక్రవారం మేం ముగ్గురం లాంచీకి వెళ్లడం మొదలైంది. మా ఆవిడ బియ్యప్పిండిలో పల్లీలు వేసి సర్వపిండి కాల్చి డబ్బాలో తెచ్చేది. ముసలి అర్బాబు వచ్చి ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని, పల్లీలు ఏరుకుని ముందు తిని తరువాత పిండి తినేవాడు. ఆ సాయంకాలాలు నా జీవితంలో మంచివని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం వీసా గడువు ఎన్ని రోజులుందా అనే గుబులే నన్ను తినేసేది.

మా ఆవిడకు వెనక్కి వెళ్లాలని లేదు. నేను మాత్రం వాళ్లను పంపేసి మళ్లీ లాంచీకి వచ్చేద్దామనే అనుకున్నాను. ఒక్క రెండేళ్లు ఓపిక పడితే స్లాబు పడుతుంది, ఆ తరువాత నేనే వచ్చేస్తాను అనేవాణ్ణి. ఆమె, నీ రెండేండ్లు నేను ఇంతకుముందు కూడ విన్న అనేది. ఇద్దరం పెడముఖాలు పెట్టుకుని కూర్చునేవాళ్లం. ఆఖరికి టికెట్లు తీశాను. ప్రయాణం ఇంకా తొమ్మిది రోజులుందనగా పాపకు జ్వరం వచ్చింది.

మొదట మామూలు జ్వరమే అనుకున్నాం. మర్నాడు మధ్యాహ్నం పిల్ల కళ్లు తేలేసి కొయ్యబారిపోయింది. ఆపా ఒక్క కేక వేసి మెట్లు దిగి టాక్సీ ఆపింది, మా వెనకే ఆసుపత్రికి వచ్చింది, నాకు రాని అరబ్బీలో నర్సులతో తనే మాట్లాడింది. అదే రోజు బయట షమాల్ మొదలైంది, ఉత్తరం నుంచి దుమ్ము మోసుకొచ్చే ఆ గాలికి కిటికీ అద్దాలు గంటల తరబడి గడగడలాడాయి. పిల్ల చేతికి సెలైను, నా ఫోనులో చార్జింగు లేదు, దాని సంగతి నాకు గుర్తు కూడా లేదు. ఆ గాలి చప్పుడు విన్నప్పుడల్లా లాంచీ గుర్తొచ్చి లేచి నిలబడేవాణ్ణి, వరండా చివరి దాకా నడిచేవాణ్ణి, పిల్ల మూలిగితే పరిగెత్తి వచ్చేవాణ్ణి. ఒక్క గంట పోయి వస్తానని మా ఆవిడతో అందామని రెండుసార్లు నోటి దాకా వచ్చింది. ఆమె మొహం చూసి మింగేశాను. రెండు రోజులూ అట్లాగే గడిచాయి.

మూడో రోజు ఉదయం జ్వరం దిగింది. పాప లేచి బిస్కెట్ అడిగింది. అప్పుడు వెళ్లాను రేవుకు.

దూరం నుంచి చూస్తే లాంచీ ఉండవలసిన చోట తాళ్లు బిగుసుకుని నీళ్లలోకి వంగి ఉన్నాయి. పై గది కప్పూ, స్తంభమూ మాత్రం పైకి కనబడుతున్నాయి. నా చాప ఒకటి నీళ్ల మీద తేలుతోంది. సరంగు మామ ఎదురొచ్చాడు, అరచేతులు రెండూ తాళ్లు కోసి చీరుకుపోయి ఉన్నాయి.

"నిన్న పొద్దుట్నుంచీ ఒరిగిపోతంది బావూ. మేం పదిమందిమీ బకిట్లతో తోడినాం, ఇంజనాడితే గదా పంపాడ్డానికి. నీకు ఫోను మీద ఫోను జేసినాను. మా వల్ల అవలేదు. మునిగిపోనాది" అన్నాడు, అదేదో తన తప్పయినట్టు తల వంచుకుని.

కాసేపటికి అర్బాబు వచ్చాడు. నేను ఆయన కాళ్ల వైపు చూస్తూ, నా జీతంలో నెలకింత పట్టుకోమని హిందీలో ఏదో గొణిగాను. ఆయన నీళ్ల పైకి కనబడుతున్న కప్పు వైపు చూశాడు. ఆ కప్పు చెక్కలు ఆయన అన్న చేతులతో కొట్టినవని ఒకప్పుడు నాకు చెప్పాడు. చివరికి నా వైపు తిరిగి, "బింత్ జైన్?" అని అడిగాడు, పాప బాగుందా అని. బాగుందని తలాడించాను. "ఖలాస్" అన్నాడు, ఇక అయిపోయిందిలే అని, భుజం మీద ఒకసారి చెయ్యి వేసి కారు దగ్గరికి నడిచి వెళ్లిపోయాడు. అక్కడ, అంత ఎండలో, రేవులో అందరూ చూస్తుండగా నేను కూలబడి ఏడ్చాను.

ఆసుపత్రికి తిరిగొచ్చి మా ఆవిడకు చెప్పాను. ఆమె పాపను ఇంకొంచెం దగ్గరికి లాక్కుని, నువ్వు అండ్ల పండుకొనుంటే నీ గతి ఏమయ్యేది అంది. నేనుంటే అది మునిగేదే కాదన్నాను. ఈ తగువు మాకిప్పటికీ తెగలేదు. పిల్లకు జ్వరం రావడం వల్లనే నేను బతికానని ఆమె నమ్మకం, నేను రాకపోవడం వల్లనే లాంచీ పోయిందని నా నమ్మకం.

"ఇగ యాడ ఉంటవ్?" అని అడిగింది.

"క్యాంపుల మంచమున్నది."

"అట్లనా? అయితే నేను పోను. లెంటల్ మీద ఆగిన ఇల్లు అట్లనే ఆగనీ. అత్తమ్మకు నేను జెప్త."

 ఎందుకో నా ఒంట్లో ఎదురు చెప్పే ఓపిక లేదు.

కాని కుటుంబ వీసాకు మా పేరు మీద అద్దె ఒప్పందం కావాలి, ముంతజా గదికి అది లేదు. ఎవరిని అడిగినా ఫులూస్, అంటే డబ్బు, ఎంత ఇస్తావనే మాటే. ఎవరు చెప్పారో తెలియదు, సరంగు మామే అయి ఉంటాడు, ఒకరోజు అర్బాబు వర్క్‌షాపుకు వచ్చి, వక్రాలో తన పాత ఇంటి వెనక రెండు గదులున్నాయి, ఒప్పందం రాసిస్తాను, రమ్మన్నాడు. ఎవరి లాంచీని నేను కాపాడలేకపోయానో ఆయనే నాకు ఇల్లిచ్చాడు. అద్దె మాత్రం ఒక్క రియాలు కూడా తగ్గించలేదు, ప్రతి ఒకటో తారీఖున గుమ్మం ముందు నిలబడి తీసుకునేవాడు. అలా తీసుకోవడం వల్లనే ఆయన ఎదుట నేను తలెత్తుకుని తిరగగలిగానేమో. ఆయన పోయేదాకా పదకొండేళ్లు ఆ గదుల్లోనే ఉన్నాం. మా పాప బడికి అక్కడి నుంచే వెళ్లింది. ఊళ్లో స్లాబు చాలా ఆలస్యంగా పడింది, మా అమ్మ దాన్ని చూసుకోలేదు, ఆ ముల్లు నాకు ఇప్పటికీ ఉంది.

ఇదంతా ఆ శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర అల్లుడికి చెప్పాను. లాంచీలో నాకు అద్దె పడలేదన్నది నిజమే గాని, ఆ ఆరేళ్లలో ఇంట్లో ఒక పిల్ల పుట్టి, నడక నేర్చి, మాటలు నేర్చింది, వాటిని ఏ ఖర్చు కింద రాయాలో నాకు తెలియదన్నాను. అతను ఫోను బోర్లా పెట్టేశాడు. మర్నాడు వాళ్లు అదే ఫ్లాటుకు సంతకాలు పెట్టేశారు. మా అమ్మాయి పొద్దున డ్యూటీకి వెళ్తూ నా భుజం మీద ఒకసారి తల ఆనించి పోయింది.

వక్రా రేవు ఇప్పుడు మీరు చూస్తే పోల్చుకోలేరు. రాళ్లు పరిచిన నడకదారులు, కాఫీ కొట్లు, సాయంత్రమైతే పిల్లల కేరింతలు. లాంచీలు ఉన్నాయి, కొన్నింటికి దీపాల తోరణాలు కట్టి జనాన్ని ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పి తెస్తారు. సరంగు మామ ఊరికి వెళ్లిపోయాడు, అక్కడ చనిపోయాడనే కబురు కూడా వచ్చింది. మా రోజుల్లో ఇక్కడికొచ్చిన ప్రతివాడూ రేపో మాపో వెళ్లిపోయేవాడే. లాంచీలో ఉన్నా, క్యాంపులో ఉన్నా, ముంతజాలో ఉన్నా, గోడకు మేకు కొట్టాలంటే కూడా ఎందుకులే అనుకునేవాళ్లం. ఇప్పటి పిల్లలు అలా లేరు. మా అమ్మాయి బాల్కనీ నిండా కరివేపాకు, గోరింటాకు కుండీలు పెట్టింది, ఎక్కడ ఉంటే అక్కడ వేళ్లు దిగనిస్తోంది. అది మంచిదే. నాకే చేతకాలేదు.

పోయిన నెల ఊరి నుంచి మేమిద్దరం తిరిగి వచ్చినప్పుడు, సామాను లోపల పెట్టీ పెట్టకముందే మా ఆవిడ జగిత్యాలలో ఉన్న చెల్లెలికి ఫోను చేసి, మంచిగనే ఇల్లు చేరినం అని చెప్పింది. ఆలోచించి అన్నదో, నోటికొచ్చినట్టు అన్నదో నేను అడగలేదు. పక్కన నిలబడి విన్నాను. పద్నాలుగో అంతస్తులో మూడు గదులున్న ఈ ఫ్లాటును, ఎక్కడికి వెళ్లి తిరిగొస్తున్నా సరే, ఇన్నేళ్ల తరువాత కూడా నేను రూముకు పోదాం పదండి అనే అంటాను.